తేడా ఎన్ని సెకన్లు? నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఫైల్ టైమ్‌లతో తిప్పలు – ప్రాజెక్టు డైరీ

ఏర్పాటు

పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్ది ఈపబ్ (ఈ-పుస్తకం ఫైల్) చేయడం మా ప్రాజెక్టు. రచయిత పోయి 60 ఏళ్లు దాటి, హక్కులు ముగిసిన పుస్తకాలే తీసుకుంటున్నాం. కొన్ని అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల దుకాణాల్లో దొరికాయి. ఎక్కువ భాగం మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో ఉండే మాస్టారివి. ఆయన అనంతపురంలో తెలుగు చెప్పి రిటైరై, కొడుకు దగ్గర ఉండడానికి బెంగళూరు వచ్చారు. దిద్దుబాటు మొత్తం ఆయనదే.

సరంజామా ఇదీ. మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో ఒక నాస్ పెట్టె, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో అందరూ పంచుకునే డిస్కు. మామూలు పుస్తకాలకు ఫ్లాట్‌బెడ్ స్కానర్, అది నా రూమ్మేట్ విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉంటుంది. బైండు విప్పలేని పెద్ద సంపుటాలకు కెమెరా, స్టాండు. ఓసీఆర్ నడిపేది ఒక లినక్స్ డెస్క్‌టాప్. ఓసీఆర్ ప్రోగ్రామ్ టెసెరాక్ట్, దానికి తెలుగు డేటా. మాస్టారూ రూమ్మేటూ నాస్‌ని విండోస్‌లో జెడ్ డ్రైవ్‌గా చూస్తారు, అంటే ఎస్ఎంబీ అనే ఫైల్ షేరింగ్ పద్ధతిలో. లినక్స్ మాత్రం అదే ఫోల్డర్‌ని ఎన్ఎఫ్ఎస్ అనే ఇంకో పద్ధతి ద్వారా చూస్తుంది.

ఏ పేజీకి ఓసీఆర్ నడపాలో తేల్చే పని మేక్ అనే ప్రోగ్రామ్‌కి అప్పజెప్పాం. పేజీ బొమ్మ ఎమ్‌టైమ్ (ఫైల్ చివరిసారి మారిన టైమ్), టెక్స్ట్ ఫైల్ ఎమ్‌టైమ్ కన్నా కొత్తదైతే మళ్లీ నడుపు, లేకపోతే వదిలెయ్. రెండూ సమానమైతే పనేమీ లేనట్టే. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాసినప్పటి నుంచి సూత్రం ఇదే. ఒకే మెషీన్, ఒకే డిస్కు, ఒకే గడియారం ఉన్నచోట దీనికి తిరుగులేదు. మా దగ్గర ఈ మూడింటిలో ఒక్కటీ ఒకటి కాదు.

సోమవారం రాత్రి

భోజనాల వేళ మాస్టారి ఫోన్. "బాబూ, పదిహేడో పేజీ సాయంత్రం కూర్చుని మొత్తం దిద్దాను. ఇప్పుడు చూస్తే మళ్లీ పాత తప్పులతోనే ఉందే! నేను దిద్దింది ఏమైంది?"

ఏమైందంటే, ఏడు గంటలకు మేక్ నడిచినప్పుడు పదిహేడో పేజీకి మళ్లీ ఓసీఆర్ జరిగింది. మాస్టారు దిద్దిన టెక్స్ట్ మీద మెషీన్ టెక్స్ట్ పడింది. నాస్‌లో గంటగంటకూ స్నాప్‌షాట్ తీసే ఏర్పాటు ఉంది కాబట్టి ఆరు గంటల నాటి కాపీ దొరికింది. అందులో దిద్దుబాట్లు భద్రంగా ఉన్నాయి. మాస్టారికి చెబితే "అమ్మయ్య" అన్నారు.

కారణం వెతికేముందు ఒక మార్పు చేసేశాను. మెషీన్ రాసే టెక్స్ట్ ఒక ఫోల్డర్, మనిషి దిద్దే టెక్స్ట్ ఇంకో ఫోల్డర్. మనిషి ఫోల్డర్‌లో లేని పేజీని మాత్రమే స్క్రిప్ట్ అక్కడికి కాపీ చేస్తుంది, ఉన్నదాన్ని ఎప్పటికీ ముట్టుకోదు. టైమ్‌స్టాంప్‌లు ఎంత గందరగోళంగా ఉన్నా ఇకమీదట పోయేది కరెంటు ఖర్చే, మాస్టారి కష్టం కాదు. మనిషి చేత్తో దిద్దిన ఫైల్ భవిష్యత్తుని టైమ్‌స్టాంప్ చేతిలో పెట్టకూడదు అన్నది నా అభిప్రాయం, గడియారాలు ఎంత బాగున్నా సరే.

అది అయ్యాక మిగతా లక్షణాలు రాసుకున్నాను. కెమెరా పేజీలకు రాత్రి పూట మేక్ ఎన్నిసార్లు నడిపితే అన్నిసార్లు ఓసీఆర్ జరుగుతోంది, పొద్దున నడిపితే మామూలుగా ఉంటోంది. స్కానర్ పేజీల్లో దీనికి తలకిందులు: వంకరగా వచ్చిన పేజీని వెంటనే మళ్లీ స్కాన్ చేసి పెడితే మేక్ పట్టించుకోవడం లేదు. మాస్టారు దిద్దిన పేజీ ఈపబ్‌లోకి ఒక్కోసారి ఒక నిమిషం ఆలస్యంగా వస్తోంది. పెన్‌డ్రైవ్ బ్యాకప్ ప్రతిసారీ సగానికి పైగా ఫైళ్లను కొత్తగా కాపీ చేస్తోంది. వీటికి తోడు మేక్ అప్పుడప్పుడు "క్లాక్ స్క్యూ" (గడియారాల తేడా) అని హెచ్చరిస్తోంది.

రూమ్మేట్ తీర్పు: "నాస్ పాడైంది రా, వేరేది కొందాం." నాకేమో ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలుగా కనబడలేదు.

బుధవారం: ముందు కొలుద్దాం

టైమ్ తేడాల్లో నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే: తేడా ఎన్ని సెకన్లో కచ్చితంగా కొలవడం. తప్పు ఎక్కడుందో ఆ అంకె చెప్పేస్తుంది. "కొంచెం ముందుంది", "పాతగా కనబడుతోంది" లాంటి మాటలతో ఎటూ తేలదు.

పదిహేడో పేజీ కెమెరా పేజీ కాబట్టి దాంతోనే మొదలుపెట్టాను. జేపెగ్ లోపల ఎగ్జిఫ్ అనే సమాచార భాగంలో ఫొటో తీసిన టైమ్ ఉంటుంది. దాన్నీ, నాస్ మీద అదే ఫైల్ ఎమ్‌టైమ్‌నీ పక్కపక్కన పెట్టి తీసివేస్తే 19,800 సెకన్లు, ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ. సంపుటంలో ప్రతి ఫొటోకీ అంతే.

19,800 అంటే ఐదున్నర గంటలు. మన దేశంలో కూర్చుని ఈ అంకె చూసినవాళ్లు ఇంకేమీ వెతకక్కర్లేదు, అది టైమ్ జోనే. కెమెరాలోని 32 జీబీ కార్డు ఎఫ్ఏటీ32. ఎఫ్ఏటీ ఫైల్ సిస్టమ్ టైమ్‌ని లోకల్ టైమ్‌గానే రాసుకుంటుంది, ఏ ఊరి లోకల్ టైమో ఎక్కడా రాయదు. కార్డుని మేం నేరుగా నాస్ వెనక యూఎస్‌బీ రీడర్‌లో పెట్టి కాపీ చేస్తున్నాం. నాస్ ఆ అంకెను యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక కాలం) అనుకుంది. మధ్యాహ్నం రెండింటికి తీసిన ఫొటో రాత్రి ఏడున్నరకు తీసినట్టు అయిపోయింది. మాస్టారు ఐదింటికి దిద్దారు, మేక్ ఏడింటికి నడిచింది. మేక్ దృష్టిలో ఏడున్నర నాటి బొమ్మ ఐదింటి టెక్స్ట్ కన్నా కొత్తది. ఓసీఆర్ చేసి కొత్త టెక్స్ట్ రాసినా దాని టైమ్ ఏడే. మళ్లీ నడిపితే మళ్లీ అదే కథ. ఏడున్నర దాటాక నడిపితే గానీ ఆ పేజీకి శాంతి లేదు. సాయంత్రం తీసిన ఫొటోలకైతే అర్ధరాత్రి దాటాలి. రాత్రి తిక్కగా, పొద్దున బుద్ధిగా ఎందుకుందో తేలిపోయింది.

అదే కార్డుని విండోస్ ల్యాప్‌టాప్‌లో పెడితే టైమ్ సరిగ్గానే కనబడుతుంది, ఎందుకంటే విండోస్ తన టైమ్ జోన్‌ని లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

మందు: కాపీ అయిన వెంటనే ఎగ్జిఫ్‌టూల్‌తో ఎగ్జిఫ్‌లోని టైమ్‌నే ఫైల్ ఎమ్‌టైమ్‌గా పెట్టడం. దీన్ని లినక్స్ డెస్క్‌టాప్ మీద నడపాలి, దాని టైమ్ జోన్ సరిగ్గా ఉంది కాబట్టి. ఎగ్జిఫ్‌లో టైమ్ జోన్ రాసే చోటు 2016లో వచ్చిన 2.31 వెర్షన్‌తో గానీ రాలేదు. మా కెమెరా అంతకన్నా పాతది, అందులో ఆ గడి లేదు.

గురువారం: నాస్ గడియారం

తర్వాత స్కానర్ పేజీలు. ఇక్కడ ముందు తేల్చుకోవలసింది, ఫైల్ మీద టైమ్ వేసేది ఎవరు అన్నది. చాలామంది తమ మెషీనే వేస్తుందనుకుంటారు. ఎన్ఎఫ్ఎస్ మీద మామూలుగా ఫైల్ రాస్తే ఎమ్‌టైమ్ వేసేది సర్వర్, తన గడియారం చూసుకుని. టైమ్ ఇవ్వకుండా టచ్ (ఫైల్ టైమ్ మార్చే ఆదేశం) కొట్టినా "నీ టైమే వేసుకో" అని సర్వర్‌కి చెప్పినట్టే. టైమ్ అంకె మనమే ఇస్తే మాత్రం ఆ అంకె ఉన్నదున్నట్టు పడుతుంది. టైమ్ నిలబెట్టే కాపీలన్నీ ఈ రెండో కోవలోవి. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ కాపీ చేస్తే మాడిఫైడ్ టైమ్ మూలంలో ఉన్నదే వస్తుంది, క్రియేటెడ్ టైమ్ మాత్రమే కొత్తగా పడుతుంది.

రూమ్మేట్ ముందు ల్యాప్‌టాప్ డిస్కులోకి స్కాన్ చేసి తర్వాత జెడ్ డ్రైవ్‌లోకి లాగుతాడు. కాబట్టి టిఫ్ ఫైల్ మీద ల్యాప్‌టాప్ టైమ్ ఉంటుంది. టెక్స్ట్ మీద నాస్ టైమ్. మేక్ ఈ రెంటినీ పోలుస్తోంది. ఒక పంచాంగం ప్రకారం పెట్టిన ముహూర్తాన్ని ఇంకో పంచాంగంతో సరిచూడడం లాంటి పని ఇది.

నాస్ గడియారం కొలవడానికి చిన్న పైథాన్ ముక్క రాశాను. షేర్ (నాస్‌లో పంచుకునే ఫోల్డర్) మీద ఒక తాత్కాలిక ఫైల్ సృష్టించి ఒక బైటు రాసి మూసేస్తుంది. రాయడానికి ముందూ తర్వాతా లోకల్ టైమ్ పట్టుకుంటుంది. ఆ ఫైల్ ఎమ్‌టైమ్‌లోంచి రెండు లోకల్ టైమ్‌ల సగటు తీసేస్తే వచ్చేదే నాస్ తేడా. పొరపాటుకి అవకాశం కొన్ని మిల్లీసెకన్లే. నాస్ అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, రాసే అనుమతి ఉంటే చాలు. ఆఫీసు షేర్ల మీద ఇది మరీ ఉపయోగం.

వచ్చిన అంకె 412. ఎన్నిసార్లు నడిపినా 412 చుట్టూనే. గుండ్రంగా లేని, కదలని అంకె వస్తే అది గడియారం తేడా. నాస్ దాదాపు ఏడు నిమిషాలు ముందుంది. ఓసీఆర్ అయిన టెక్స్ట్ ఏడు నిమిషాలు భవిష్యత్తులో ఉంటుంది కాబట్టి, ఆ ఏడు నిమిషాల్లో చేసిన రీస్కాన్ మేక్ కంటికి పాతదే. అరగంట తర్వాత చేస్తే బాగానే పనిచేస్తుంది. "నేను చేస్తే అవుతుంది, నువ్వు చేస్తే అవదు" అని మేమిద్దరం వాదించుకున్నది ఇందుకే.

నాస్ సెట్టింగుల్లో చూస్తే ఎన్‌టీపీ (నెట్ ద్వారా గడియారం సరిచేసుకునే ఏర్పాటు) ఆపేసి ఉంది. భారత ప్రామాణిక కాలాన్ని నిర్వహించే ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబరేటరీకి ఎన్‌టీపీ సర్వర్ ఉంది, దాన్ని పెట్టాను. లినక్స్‌లో అదే పని చేసే క్రోనీ అప్పటికే నడుస్తోంది. ల్యాప్‌టాప్‌ని డబ్ల్యూ32టీఎమ్ ఆదేశంతో సరిచూస్తే ఒక సెకను లోపే ఉంది. ఆఫీసు డొమైన్‌లో ఉన్న విండోస్ మెషీన్లకు ఇంత తేడా సాధారణంగా రాదు, అక్కడ లాగిన్ సరిచూసే కెర్బెరోస్ ఐదు నిమిషాల కన్నా ఎక్కువ తేడా ఉంటే లాగిన్ కానివ్వదు. ఇంట్లో పెట్టెలకు ఆ కాపలా లేదు.

గడియారం దిద్దినంత మాత్రాన ఫైళ్లు దిద్దుకోవు. అప్పటికే భవిష్యత్తు టైమ్ పడిన ఫైళ్లు అలాగే ఉంటాయి. ఫైండ్ ఆదేశంతో "ఇప్పటి కన్నా కొత్త" ఫైళ్లు వెతికి పట్టుకున్నాను. అన్నింటికీ టచ్ కొట్టడం తేలికే గానీ అప్పుడు వాటి మధ్య ముందువెనకలు పోతాయి. ఒక్కో ఫైల్ ఎమ్‌టైమ్‌లోంచి 412 సెకన్లు తీసేసి తిరిగి రాశాను. వరస చెదరలేదు.

శుక్రవారం: చిల్లర సెకన్లు

పెన్‌డ్రైవ్ బ్యాకప్ సంగతి పాతదే, కానీ దీని వెనక లెక్క నాకిష్టం. ఎఫ్ఏటీలో ఎమ్‌టైమ్ గడియారానికి ఇచ్చింది 16 బిట్లు. గంటకు 5, నిమిషానికి 6, మిగిలినవి 5. ఐదు బిట్లలో 32 విలువలే పడతాయి, సెకన్లేమో 60. అందుకని సెకన్లను రెండేసి చొప్పున లెక్కబెట్టారు. పెన్‌డ్రైవ్ మీద ఏ ఫైల్ సెకన్లు చూసినా సరిసంఖ్యే. మూలంలో 37వ సెకను ఉన్న ఫైల్ అక్కడ 36 అవుతుంది, బ్యాకప్ కాపీ చేసే ఆర్‌సింక్ "మారింది" అనుకుని మళ్లీ కాపీ చేస్తుంది. ఆర్‌సింక్‌కి మాడిఫై విండో 1 అని ఇస్తే ఒక సెకను తేడాను పట్టించుకోదు. విండోస్ రోబోకాపీలో ఇదే పనికి ఎఫ్ఎఫ్‌టీ అనే స్విచ్ ఉంది. జిప్ ఫైళ్లలోని పాత టైమ్ గడి కూడా డాస్ కాలం నాటి ఈ రూపమే, కాబట్టి జిప్ విప్పిన ఫోల్డర్లలోనూ ఈ సరిసంఖ్యలు కనబడొచ్చు.

ఇంకా చిన్న తేడాలు కూడా ఉన్నాయి. షేర్ ఎంత సన్నని టైమ్ నిలబెడుతుందో చూడడానికి, నానోసెకన్లు 123456789 ఉండేలా ఒక ఫైల్‌కి టైమ్ పెట్టి తిరిగి చదివాను. ఎన్ఎఫ్ఎస్ ద్వారా అంకెలన్నీ వచ్చాయి. ఎస్ఎంబీ ద్వారా పెట్టి చదివితే చివరి రెండూ సున్నాలు. విండోస్ లెక్క 1601 జనవరి 1 నుంచి వంద నానోసెకన్ల ముక్కల్లో సాగుతుంది, అంతకన్నా సన్నగా ఎస్ఎంబీ మోయలేదు. పైథాన్‌లో ఎమ్‌టైమ్‌ని దశాంశ సంఖ్యగా తీసుకున్నా ఇబ్బందే. ఇప్పటి టైమ్ పరిమాణానికి ఆ సంఖ్య సుమారు 240 నానోసెకన్ల అంగల్లోనే కదులుతుంది. అలా చదివి తిరిగి రాస్తే కాపీ ఒక్కోసారి అసలు కన్నా వెంట్రుకవాసి పాతదవుతుంది. మేక్‌కి ఆ వెంట్రుకవాసి చాలు. 3.3 వెర్షన్ నుంచి నానోసెకన్లను పూర్ణసంఖ్యగా ఇచ్చే గడి ఉంది, అదే వాడాలి.

ఎస్ఎంబీ సర్వర్ ప్రోగ్రామ్ సాంబా మాన్యువల్ తిరగేస్తుంటే ఒక తమాషా సెట్టింగు కనబడింది. డైరెక్టరీలన్నీ 1980 జనవరి 1 అర్ధరాత్రి పుట్టాయని అబద్ధం చెప్పే సెట్టింగు! ఎన్‌మేక్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల మేక్) డైరెక్టరీలకు క్రియేషన్ టైమ్ చూస్తుంది కాబట్టి, విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులు షేర్ మీద అనవసరంగా మళ్లీ కంపైల్ కాకుండా పెట్టారట. మనకంటే ముందే ఎంతమంది ఈ గోతిలో పడ్డారో!

శనివారం: నిమిషం ఆలస్యం

మాస్టారు సేవ్ చేసిన వెంటనే లినక్స్‌లో ఈపబ్ కట్టిస్తే పాత పేజీ వస్తుంది. కాఫీ తాగి వచ్చి నడిపితే కొత్తది వస్తుంది. తనంతట తానే సర్దుకునే తేడా అంటే క్యాష్.

లినక్స్ ఎన్ఎఫ్ఎస్ క్లయింట్ ఫైల్ వివరాలను కాసేపు తన దగ్గరే ఉంచుకుంటుంది. ఫైళ్లకు మామూలుగా కనీసం 3 సెకన్లు, గరిష్ఠం 60. డైరెక్టరీలకు 30 నుంచి 60. చాలాసేపు మారని ఫైల్‌ని ఎక్కువసేపు నమ్ముతుంది. ఫైల్ తెరిచినప్పుడు మాత్రం సర్వర్‌ని కొత్తగా అడుగుతుంది. అయితే మేక్ ఫైల్ తెరవదు, టైమ్ మాత్రం అడిగి వెళ్లిపోతుంది. ఆ ప్రశ్నకు జవాబు క్యాష్ నుంచే వస్తుంది.

క్యాష్‌ని పూర్తిగా ఆపే మౌంట్ ఆప్షన్ ఉంది, పెట్టి చూశాను. వేల పేజీలున్న ఫోల్డర్ తెరవడమే భారమైంది, తీసేశాను. ఈపబ్ కట్టేముందు దిద్దిన ఫోల్డర్‌లోని ఫైళ్లను ఒకసారి తెరిచి, తెరిచిన ఫైల్ మీదే టైమ్ అడిగేలా మార్చాను. ఒక పుస్తకానికి కొన్ని వందల ఫైళ్లే, ఇబ్బంది లేదు. విండోస్ వైపు కూడా ఇలాంటి క్యాష్ ఉంది, ఫైల్ వివరాలకు పది సెకన్లు. మాస్టారి వైపు నుంచి దానితో సమస్య రాలేదు కాబట్టి ముట్టుకోలేదు.

ఆదివారం: మేక్‌కి సెలవు

గడియారాలు కుదిరాయి, టైమ్ జోన్ కుదిరింది, క్యాష్ కుదిరింది. అయినా మేక్ సూత్రంలోనే మాకు పడనిది ఒకటి మిగిలింది. రూమ్మేట్ పోయిన నెల తీసి పెట్టుకున్న మంచి స్కాన్ ఒకటి ల్యాప్‌టాప్‌లో దొరికింది. నాస్ మీదున్న మసక పేజీ బదులు దాన్ని కాపీ చేశాడు. దాని మీద పోయిన నెల టైమే ఉంది, అది నిజం కూడా. టెక్స్ట్ ఈ నెలది. మేక్ దృష్టిలో పనేమీ లేదు. ఇక్కడ ఏ గడియారమూ అబద్ధం చెప్పలేదు. "కొత్తదా?" అని అడగడంలోనే ఉంది చిక్కు. మాకు కావలసిన ప్రశ్న "మారిందా?"

కాబట్టి మేక్‌ని పక్కన పెట్టి పైథాన్‌లో చిన్న పట్టీ రాశాను. ప్రతి బొమ్మకూ సైజు, నానోసెకన్లలో ఎమ్‌టైమ్, బ్లేక్2 హ్యాష్ (ఫైల్ లోపలి సమాచారం నుంచి కట్టే వేలిముద్ర లాంటి అంకె) రాసి ఉంచుతుంది. సైజు గానీ టైమ్ గానీ పట్టీలో ఉన్నదానికి భిన్నంగా ఉంటే, ముందుకైనా వెనక్కైనా, ఫైల్ చదివి హ్యాష్ కడుతుంది. హ్యాష్ కూడా మారితేనే ఓసీఆర్. టైమ్ ఇక్కడ తీర్పు చెప్పదు, అనుమానం మాత్రం రేపుతుంది. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ తన ఇండెక్స్‌లో చేసేదీ దాదాపు ఇదే. మొత్తం పుస్తకానికి హ్యాష్ కట్టాల్సి వచ్చినా భరించలేనంత కాదు: 300 డీపీఐలో కంప్రెస్ చేయని గ్రే ఏ4 పేజీ 8.7 ఎంబీ, 400 పేజీలంటే మూడున్నర జీబీ. గిగాబిట్ తీగ మీద అర నిమిషం పైచిలుకు. వైఫై మీద మాత్రం ఓపిక పట్టాలి.

గిట్ నుంచే ఇంకో జాగ్రత్త తీసుకున్నాను. పట్టీ రాసిన క్షణంలోనే ఫైల్ మళ్లీ మారితే, సైజు కూడా మారకపోతే, టైమ్ రెండుసార్లూ ఒకటే పడొచ్చు. లినక్స్‌లో ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ నానోసెకన్లు చూపించినా, టైమ్ తీసుకునేది చాలా కెర్నెళ్లలో కొన్ని మిల్లీసెకన్లకు ఒకసారి కొట్టే టిక్ నుంచే. అందుకని సర్వర్ టైమ్‌కి మూడు సెకన్ల లోపు ఎమ్‌టైమ్ ఉన్న ఫైల్‌ని పట్టీలో "నమ్మకం లేదు" అని గుర్తు పెడతాను, తర్వాతిసారి తప్పకుండా హ్యాష్ కడుతుంది. సర్వర్ టైమ్ అంటే గురువారం రాసిన ముక్క చెప్పిందే, లోకల్ గడియారం కాదు. తేడా రెండు సెకన్లు దాటితే స్క్రిప్ట్ పని మొదలుపెట్టకుండా ఆ అంకె చూపించి ఆగిపోతుంది.

పట్టీ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఉంది. దాన్ని నాస్ మీద పెట్టలేదు, లినక్స్ లోకల్ డిస్కు మీదే ఉంచాను. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌ల మీద ఫైల్ లాకింగ్‌ని నమ్మొద్దని ఎస్‌క్యూలైట్ వాళ్లే చెబుతారు.

మళ్లీ సోమవారం

కెమెరా పేజీలు రాత్రి కూడా ఒక్కసారే నడిచాయి. పోయిన నెల నాటి మంచి స్కాన్‌ని స్క్రిప్ట్ పట్టుకుంది. మాస్టారు మూడో అధ్యాయం దిద్దేసి "అరసున్నలన్నీ మీ మిషను మింగేస్తోంది బాబూ" అన్నారు. అది టైమ్‌స్టాంప్ సమస్య కాదు, వేరే డైరీ.

మిగిలిన పని: ఎవరూ నడపకుండా దానంతటదే నడవడం. ఫైల్ మారగానే చెప్పే లినక్స్ ఐనోటిఫై పెడదామనుకున్నాం గానీ, జెడ్ డ్రైవ్ నుంచి మాస్టారు చేసిన మార్పు ఎన్ఎఫ్ఎస్ క్లయింట్‌లోని ఐనోటిఫైకి తెలియదు, తన మెషీన్ మీద జరిగిన మార్పులే దానికి తెలుస్తాయి. వాచర్‌ని నాస్ మీదే నడపాలి, లేదంటే క్రాన్ పెట్టి పది నిమిషాలకోసారి పట్టీ సరిచూడాలి. రూమ్మేట్ మొదటిదే కావాలంటున్నాడు. నేను క్రాన్ పెట్టేశాను.